ఉనైసి ఫ్రీజరు, ఇసిమేలి బోర్డు

ఫ్రీజరు చెడిపోయిందంటే ఉనైసి చాలాసేపు ఒప్పుకోలేదు. అలిగింది, అంతే అంది. మూత తీసి చూసింది, వేసింది. పక్కన చెవి ఆనించి విన్నది. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టింది. చివరికి వీపు నిమిరి బుజ్జగించింది కూడా. ఆదివారం పొద్దెక్కేసరికి లోపలున్న చేపలు ఇంట్లోవాళ్ళనే కాదు, పక్కనే చర్చిలో కూర్చున్నవాళ్ళని కూడా పలకరించడం మొదలుపెట్టాయి. పాస్టరు గారు ఎన్నడూ లేనిది ప్రసంగం సగంలో ముగించి ఆమెన్ అనేశారు. ఊరంతా ఆ ఒక్క మేలుకి ఫ్రీజరును మెచ్చుకుంది.

ఉనైసి మాత్రం నవ్వలేకపోయింది. ఆ ఫ్రీజరు రాకముందు ఆమె బతుకు ఐసు లారీవాడి చేతిలో ఉండేది. మొగుడు ఇనోకె పడవ ఒడ్డుకు తగిలే వేళకు లారీవాడు అక్కడ సిద్ధంగా ఉండేవాడు. ఎండెక్కితే చేప నిలవదని వాడికీ తెలుసు, వీళ్ళకీ తెలుసు. అందుకని బేరం వాడొక్కడే ఆడుకుని, వాడొక్కడే ఒప్పుకుని, చేపలెత్తుకుపోయేవాడు. ఫ్రీజరు వచ్చాక చేప ఆగడం నేర్చుకుంది. ఉనైసి కావలసినన్ని బయటికి తీసి కొబ్బరిపాలలో ఉడికించి, కర్రపెండలం ముక్కలు పక్కన పెట్టి, అరిటాకులో పొట్లాలు కట్టి రాజధాని సువకు వెళ్ళే బస్సులు ఆగేచోట అమ్మేది. డ్రైవర్లు వంతెన దగ్గర్నుంచే హారను కొట్టి తమ పొట్లం తీసి ఉంచమనేవారు. ఇప్పుడు ఫ్రీజరు మూగబోయిందని తెలిసి లారీవాడు మళ్ళీ ఒడ్డుకొచ్చాడు. "ఏం అక్కా, నన్ను మర్చిపోయావా?" అని పళ్ళన్నీ బయటపెట్టాడు. ఆ పళ్ళు చూశాక ఉనైసికి కడుపు రగిలిపోయింది. ఏమైనా సరే, వీడికి మళ్ళీ చేప అమ్మే గతి పట్టకూడదని పంతం పట్టింది.

పంతం పట్టడం సులువే. ఫ్రీజరు క్రిస్మస్‌కు కొన్నది, ఇంకా ఈస్టరు కూడా చూడలేదు. ఏడాది పాటు ఏమైనా తనదే పూచీ అని అమ్మినవాడు గుండెమీద చెయ్యేసుకుని చెప్పాడు. వెళ్ళి గట్టిగా అడిగితే సరిపోయేది. కానీ అమ్మినవాడు ఇసిమేలి. ఇసిమేలి ఆమెకు తౌవూ.

తౌవూ అంటే మాటలా? ఉనైసి పుట్టింది కొండమీది ఊళ్ళో. ఇసిమేలిది దీవి. ఎప్పుడో లోకం కొత్తగా ఉన్న రోజుల్లో ఈ ఊరి మూలదేవతా ఆ ఊరి మూలదేవతా తోబుట్టువులట. అప్పట్నుంచి రెండు ఊళ్ళవాళ్ళకీ బావామరదళ్ళ వరస. ఎక్కడ ఎదురుపడ్డా ఒకళ్ళనొకళ్ళు తిట్టిపోసుకోవాలి. ఒకళ్ళ చేతిలో వస్తువు ఇంకొకళ్ళు లాక్కుపోయినా పోవచ్చు. ఏం జరిగినా నవ్వాలి. కోపం మాత్రం రాకూడదు. తౌవూ మీద కోపగించుకున్నవాడిని రెండు ఊళ్ళూ కలిసి వెలేసినంత పని చేస్తాయి. అంచేత ఉనైసి పట్నం బస్సెక్కేటప్పుడు కోపాన్ని ఇంట్లోనే వదిలి వెళ్ళాల్సి వచ్చింది.

ఇసిమేలి దుకాణం రాకిరాకి పట్నం బజారులో అందరికీ తెలుసు. మనిషి పీపాలా ఉంటాడు, గొంతు అంతకంటే పెద్దది. బల్లకి ఆవల, తల పైన, ఎర్ర రంగుతో తన చేత్తో రాసుకున్న చెక్క బోర్డు: "అమ్మిన సరుకు వాపసు లేదు. మార్పు లేదు." చూడ్డానికి మరీ కటువుగా ఉంటుందని కాబోలు మూలన ఒక పువ్వు కూడా వేశాడు.

"అరెరే, కొండ కదిలొచ్చింది!" అని అరిచాడు ఇసిమేలి ఆమెను చూడగానే. "ఏం మరదలు పిల్లా, గబ్బిలాల పులుసు తెచ్చావా?"

యాభై దాటిన ఆడమనిషిని మరదలు పిల్లా అంటే దుకాణంలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"మీ దీవోళ్ళకి గబ్బిలం అరగదులే బావా," అంది ఉనైసి. "పీత పెంకులు నాక్కునే పొట్టలు మీవి. అది కాదుగానీ, నువ్విచ్చిన ఫ్రీజరు ఆగిపోయింది."

"ఆగక ఏం చేస్తది? కొండోళ్ళింటికి కాపరానికెళ్ళింది. మీ ఒంట్లో చలి చూసి, ఇంక నాతో పనేముందని సిగ్గుపడుంటది."

"నేనుండేది సముద్రం ఒడ్డున బావా. పెళ్ళయి ముప్పయ్యేళ్ళయింది."

"మనిషి దిగింది, చలి దిగలేదు! పోనీ అందులో నువ్వు గానీ ఎక్కి కూచున్నావా? చేపలకని ఇచ్చాను తల్లీ, పందులకని చెప్పుంటే పెద్దదిచ్చేవాణ్ణి."

దుకాణం ఘొల్లుమంది. ఊరుకుంటే కొండ ఊరి పరువు పోతుంది. "నీకు ఫ్రీజరు అవసరం లేదులే బావా," అంది ఉనైసి. "నీ తలకాయ ఎండలో పెట్టినా చెడదు. లోపలేమైనా ఉంటే కదా కుళ్ళడానికి!"

ఈసారి జనం ఇంకా గట్టిగా నవ్వారు. ఇసిమేలి కూడా బల్ల గుద్ది మరీ నవ్వాడు, ఒక చాక్లెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఉనైసి గెలిచిన హుషారులో అది నోట్లో వేసుకుని బస్సెక్కింది. బస్సు వంతెన దాటాక గానీ ఆమెకు తట్టలేదు. మాటల్లో తనే గెలిచింది. ఫ్రీజరు సంగతి మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. నోట్లో చాక్లెట్టు అప్పటికప్పుడు చేదయిపోయింది.

ఆ తర్వాత వెళ్ళినప్పుడు మెకానిక్కు అత్తారింటికి వెళ్ళాడన్నాడు. మళ్ళీ వెళితే మెకానిక్కు వచ్చాడు గానీ అత్తారు వెంట వచ్చారన్నాడు. ఇంకోసారి వేలెత్తి తల మీది బోర్డు చూపించి, "చదువుకున్నదానివి, నాతో చదివిస్తావేంటి?" అన్నాడు. ప్రతిసారీ ఏదో జోకు, ప్రతిసారీ నవ్వు, ప్రతిసారీ ఖాళీ చేతులతో బస్సు. ఇక్కడ ఒడ్డున లారీవాడు రోజూ హాజరు. ఉనైసికి ఏడుపొచ్చేంత కోపం వచ్చేది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొబ్బరికాయల మీద చూపించేది.

"మీకు అడగడం చేతకాదు," అన్నాడు ఎమోసి ఒకనాడు.

ఎమోసి ఇనోకెకు చిన్నాన్న. ఊరి పెద్ద తరఫున నాలుగు ఊళ్ళలో మాట్లాడే మనిషి. ఆయన నోరు తెరిస్తే పెళ్ళివారైనా చావువారైనా కళ్ళు తుడుచుకోవలసిందే. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

"చేతులూపుకుంటూ వెళ్ళి నాకది కావాలి, ఇది కావాలి అంటే ఎవడిస్తాడు కోడలా? పశువులమా మనం? పద్ధతిగా యాంగోనా పట్టుకెళ్ళి, కింద కూచుని, మర్యాదగా అడగాలి. నేనొస్తా పద."

అలా ఒక మంచి రోజు చూసుకుని, పెద్దల ముందు పెట్టి, దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యాంగోనా వేళ్ళ కట్ట చంకన పెట్టుకుని, ఎమోసి తన కొత్త లుంగీలో దుకాణంలో అడుగుపెట్టాడు. టీవీలకూ ఫ్యాన్లకూ మధ్య నేలమీద చాప పరిపించుకుని కూర్చున్నాడు. ఉనైసి వెనక కూర్చుంది. యాంగోనా కళ్ళబడ్డాక ఇసిమేలి కుర్చీలో ఉండలేడు కదా, అతనూ దిగి ఎదురుగా కూర్చున్నాడు. మొఖంలో నవ్వు మాయమై, అమాంతం పెద్దరికం వచ్చేసింది. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా చెప్పులు విప్పి ఎక్కడివాళ్ళక్కడ చతికిలపడ్డారు.

ఎమోసి మొదలుపెట్టాడు. దీవిని పొగిడాడు, దీవి పెద్దల్ని పొగిడాడు, వాళ్ళ పడవల్ని పొగిడాడు. ఉనైసి ఫ్రీజరు మాట ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి కూర్చుంది. "మా వల్ల ఏ లోపం జరిగినా," అన్నాడు ఎమోసి గొంతు వణికిస్తూ, "మా చేతి తప్పు ఏదున్నా, మా నోటి తప్పు ఏదున్నా, ఈ వేళ్ళ కింద పూడ్చిపెట్టి మమ్మల్ని మన్నించండి." ఒక ఫ్యాను కొనడానికొచ్చిన ముసలామె కళ్ళొత్తుకుంది.

ఇసిమేలి కట్టను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. అందరూ చేతులు తట్టారు. ధర చీటీ ఇంకా ఊడని కొత్త ప్లాస్టిక్ బకెట్టు ఒకటి అలమరలోంచి దింపి, అందులోనే యాంగోనా కలిపారు. కొబ్బరిచిప్ప చేతులు మారింది. తాగడం అయ్యాక ఇసిమేలి తాపీగా మూతి తుడుచుకున్నాడు.

"పెద్దాయన ఇంత దూరం వచ్చి మన్నించమన్నాక నేనేమన్నా రాయినా? మన్నించేశాను."

"మరి ఫ్రీజరు బావా?" అంది ఉనైసి.

"ఏ ఫ్రీజరు? తప్పు మీదేనని మీ మామయ్యే చెప్పాడు. అందరూ విన్నారు. నేను క్షమించాను. తాగేశాం కూడా. ఇప్పుడు కక్కమంటావా?"

ఎమోసి తిరుగు బస్సులో మహా తృప్తిగా ఉన్నాడు. "ఎంత చక్కగా అందుకున్నాడు చూశావా? దీవోళ్ళయినా పద్ధతి తెలిసినోళ్ళు," అన్నాడు.

"మామయ్యా, మనం వెళ్ళింది ఫ్రీజరు కోసం."

"అది నిదానంగా వస్తుందిలే. ముందు సంబంధం నిలబడింది కదా."

ఉనైసి కిటికీ వైపు తిరిగిపోయింది. పాడు సరుకు అమ్మినవాడి ముందు కూర్చుని, వాడికే తమ యాంగోనా తాగించి, తప్పయిపోయిందని చెప్పుకుని వచ్చారు. ఎవరితోనైనా చెప్పుకుందామన్నా సిగ్గుచేటు. మర్నాడు ఒడ్డున ఇనోకె తలొంచుకుని గంపలు లారీకి ఎత్తుతుంటే ఆమె చూడలేక ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పూటకు నాలుగు పొట్లాలైనా అమ్ముకుందామని అరిటాకుల కోసం బజారుకు వెళ్ళినప్పుడు కూరగాయల వరస చివర నీలం గుడారం కనిపించింది. కింద బల్ల, బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి. చక్కెర జబ్బు పరీక్షలవాళ్ళు మళ్ళీ వచ్చారనుకుని ఉనైసి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపేసింది.

"మేం రక్తం తియ్యం ఆంటీ," అంది ఆ అమ్మాయి. "మీ రక్తం పీల్చేవాళ్ళ సంగతి చూస్తాం. వినియోగదారుల ఆఫీసు మాది. కొన్న వస్తువు విషయంలో ఏదైనా అన్యాయం జరిగితే మాకు చెప్పొచ్చు."

ఆ అమ్మాయి పేరు శలేష్ని నాయుడు. బా అనే ఊళ్ళో చెరకు రైతుల పిల్ల. ఉనైసి చాపిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా, ఆ చెయ్యే ఊపుతూ కథంతా చెప్పేసింది. కొండ, దీవి, గబ్బిలం, చాక్లెట్టు, మెకానిక్కు అత్తారు, ఏదీ వదల్లేదు. యాంగోనా దగ్గరికి వచ్చేసరికి శలేష్ని కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. నవ్వాపుకోవడానికి పాపం అదొక్కటే దారి.

"అంటే ఆంటీ, చెడ్డ ఫ్రీజరు అమ్మింది ఆయన. క్షమాపణ చెప్పుకుంది మీరు."

"అడిగే పద్ధతి అది తల్లీ."

"ఇంకొకళ్ళ సొమ్ము అడిగేటప్పుడు పద్ధతే. ఇది మీదే కదా! మీ సొమ్ము మీరు అడగడానికి కింద కూచోవడం దేనికి?"

ఇన్నాళ్ళూ తను ఇసిమేలిని దయ చూడమనే అడుగుతున్నదని ఉనైసికి అప్పుడే తట్టింది.

"చూడండి," అంది శలేష్ని. "ఫ్రీజరని అమ్మితే అది చల్లబరచాలి. ఓ నాలుగు రోజులు కాదు, మామూలుగా ఫ్రీజరు ఎన్నాళ్ళు పనిచెయ్యాలో అన్నాళ్ళు. లేదంటే బాగుచేసివ్వాలి, అది కుదరకపోతే వేరేదివ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. అది ఆయన మంచితనం కాదు, మీ హక్కు."

"మరి బోర్డు ఉంది కదమ్మా. వాపసు లేదని ఎర్రగా రాశాడు."

"రాసుకుంటే చట్టం మారిపోద్దా? కరెంటు బిల్లు కట్టబడదు అని నేనూ మా గుమ్మానికి రాసుకుంటా. లైట్లు వెలుగుతాయా?"

ఉనైసి నవ్వింది. నవ్వి, మళ్ళీ మొఖం చిన్నబుచ్చుకుంది. "నీకు తెలీదు తల్లీ. వాడు నాకు తౌవూ. గొడవపడ్డానంటే మా కొండూళ్ళో నా మొఖం చూడరు. మా అమ్మ సమాధి దగ్గరికి కూడా వెళ్ళలేను."

"గొడవ ఎవరు పడమన్నారు? కోపంగా అడగాలని ఏ చట్టంలోనూ లేదు. నవ్వుతూనే అడగండి. కాకపోతే మీరేం చేస్తున్నారంటే, నవ్వేసి బస్సెక్కేస్తున్నారు. ఈసారి నవ్వు అయిపోయాక కూడా అక్కడే ఉండండి."

శలేష్ని అక్కడికక్కడే ఇసిమేలికి ఫోను చేసి, నెమ్మదిగా, అండీ గిండీ అంటూనే సంగతి చెప్పింది. దారికి రాకపోతే చిన్న దావాల కోర్టుకు తను దగ్గరుండి తీసుకెళ్తానని కూడా చెప్పింది. ఉనైసి సంచీలోంచి చేప పొట్లం తీసి బల్లమీద పెడితే మాత్రం వెనక్కి తోసేసింది. "డ్యూటీలో తీసుకోకూడదు ఆంటీ. మీ ఫ్రీజరు వచ్చాక బస్సు దగ్గరికొచ్చి కొనుక్కుంటా."

తరువాతి శనివారం, దుకాణం కిటకిటలాడే వేళకు, ఇనోకె అద్దెకు తెచ్చిన ట్రక్కు గుమ్మం ముందు ఆగింది. తాళ్ళతో ఫ్రీజరును దింపి తలుపుకు అడ్డం రాకుండా, అలాగని కనిపించకుండానూ పోకుండా పెట్టారు. ఉనైసి వెళ్ళి దానిమీద కూర్చుంది.

"ఓహో!" అన్నాడు ఇసిమేలి. గొంతు ఎప్పటిలా లేచింది. "సింహాసనం వెంట తెచ్చుకుంది మా కొండ మహారాణి! కిరీటమేది, గబ్బిలాలు ఎత్తుకుపోయాయా?"

"మీ దీవోళ్ళకి అమ్మేశాను బావా. పీతలు పట్టే బుట్టనుకుని కొనుక్కున్నారు."

జనం నవ్వారు. ఉనైసి కూడా కడుపారా నవ్వింది. నవ్వు తగ్గింది. ఆమె కదల్లేదు.

"నవ్వయింది బావా," అంది. "ఇప్పుడు ఫ్రీజరు."

ఇసిమేలి ఆమె బరువు గురించి ఒక జోకు వేశాడు. ఆమె నవ్వింది. "ఇది కూడా అయింది బావా. ఫ్రీజరు." మెకానిక్కు గురించి ఒకటి వేశాడు. అది పాతదని వెనక నుంచి ఎవరో అన్నారు. ఉనైసి దానికీ నవ్వి, మళ్ళీ ఫ్రీజరు అంది. తౌవూ దగ్గర జోకులు నిండుకోవడం ఆమె జన్మలో చూడలేదు. అదొక ముచ్చటగానే ఉంది.

"నేను క్షమించేశాను కదే!" అన్నాడు ఇసిమేలి, ఇంకేం తోచక.

"క్షమించావు, సంతోషం. నన్ను క్షమించావు గానీ ఫ్రీజరు ఇంకా చల్లబళ్ళేదు."

"బోర్డు ఉంది..."

"ఆఫీసు అమ్మాయి ఫోనులో చెప్పింది కదా బావా, ఆ బోర్డు చట్టం ముందు చెల్లదని. చెల్లుద్దంటే చెప్పు, ఆ అమ్మాయి కోర్టుకు రమ్మంటోంది. అక్కడ కూడా నవ్వుకుంటూనే మాట్లాడుకుందాం. నాకేం కోపం లేదు."

కొనేవాళ్ళెవరూ కొనడం లేదు. అందరూ వింటున్నారు. ఆ యాంగోనా నాడు కళ్ళొత్తుకున్న ముసలామె కూడా ఉంది. ఆమె ముందుకొచ్చి, "అయితే నా ఫ్యాను తిరగట్లేదు, తేనా బాబూ?" అంది.

ఇసిమేలి మొఖాన చెమట పట్టింది. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, హఠాత్తుగా రెండు చేతులూ చాపి దుకాణం అదిరేలా నవ్వాడు.

"పిచ్చి మరదలు పిల్లా! దీనికోసమా ఇంత! నువ్వు నా తౌవూవి. నా దుకాణంలో నీకు లేనిదేముంది? అదుగో, ఆ కొత్త ఫ్రీజరు. తీసుకుపో! ఇసిమేలి ఇచ్చిన కానుక!"

జనం చప్పట్లు కొట్టారు. దీవివాడి మనసు సముద్రమని ఎవరో అన్నారు. ట్రక్కువాడు అప్పుడే తాడు పట్టుకుని కొత్త ఫ్రీజరు వైపు నడిచాడు. ఇనోకె పెళ్ళాం చెవిలో, "పద పద, మాట మార్చకముందే ఎత్తుకుపోదాం," అన్నాడు.

ఉనైసి కూడా లేచింది. తెల్లగా మెరుస్తున్న ఆ మూత మీద చెయ్యి వేసింది. ఎంత చల్లగా ఉంటుందో, ఎన్ని చేపలు పడతాయో, లారీవాడి మొఖం ఎలా మాడిపోతుందో, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. ఒక్క థాంక్స్ చెబితే చాలు. కానీ మళ్ళీ వచ్చి పాత ఫ్రీజరు మీదే కూర్చుంది.

"కానుక వద్దు బావా."

తౌవూ ఇచ్చింది వద్దనడం ఎవరూ ఎరగరు.

"కానుకైతే, రేపు అది ఆగిపోతే నిన్నడగడానికి నాకు నోరుండదు," అంది ఉనైసి. "కానుక చెడిపోయిందని ఎవరైనా అడుగుతారా? మళ్ళీ యాంగోనా తేవాలి, మళ్ళీ కింద కూచోవాలి. నేను కొన్నాను బావా. నా మొగుడు నీళ్ళలో నాని, నేను పొయ్యి ముందు మాడి కొన్నాం. చెడ్డదానికి బదులుగా ఇస్తున్నానని రాసి, ఏడాది పూచీ కొత్తగా రాసి ఇవ్వు. తౌవూ ఇచ్చాడని కాదు, దుకాణంవాడు ఇచ్చాడని తీసుకెళ్తా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముసలామె మాత్రం, "అదీ మాట," అని తలూపింది. ఇసిమేలి చెడ్డవాడేం కాదు. నవ్వించి గట్టెక్కడం అలవాటైపోయిన మనిషి, అంతే. నవ్వు పనిచెయ్యని చోట ఏం చెయ్యాలో పాపం ఎవరూ నేర్పలేదు. కాసేపటికి బిల్లు పుస్తకం తీసి, నాలుక బయటపెట్టి, బడిపిల్లాడిలా ఒక్కో మాటా రాశాడు. సంతకం పెట్టి చింపి ఇచ్చాడు.

ఉనైసి అది పైకి చదివి మడిచి రవికెలో దోపుకుంది. ఇనోకె, ట్రక్కువాడు కొత్త ఫ్రీజరు ఎత్తారు. ఉనైసి వెంటనే వెళ్ళలేదు. బల్ల వెనక్కి వెళ్ళి, ఇసిమేలి కుర్చీ ఎక్కి, ఆ ఎర్ర అక్షరాల బోర్డును మేకుల్లోంచి ఊడబీకింది.

"ఏయ్! ఏంటది!"

"ఫ్రీజరు కొన్నదాన్నిగా తీసుకెళ్తున్నా," అంది కుర్చీ దిగుతూ. "ఇది మాత్రం తౌవూగా లాక్కెళ్తున్నా. కోపమొచ్చిందా బావా?"

ఇసిమేలి మొఖం ఎర్రబడింది. దుకాణం నిండా జనం. రెండు ఊళ్ళ మూలదేవతలూ ఎక్కడో కాచుకుని చూస్తూనే ఉంటారు. "కోపమా? నాకా?" అని నవ్వాడు పాపం.

ఆ తర్వాత లారీవాడు కొన్నాళ్ళు ఒడ్డు దగ్గర నెమ్మది చేసి చూసేవాడు. ఇనోకె చెయ్యి ఊపి పలకరించేవాడు. మెల్లగా వాడు ఆ దారి మానేశాడు. శలేష్ని చెప్పినట్టే వచ్చి పొట్లం కొనుక్కుని, ఉప్పు తక్కువైందని చెప్పి, ఇంకో పొట్లం ఉచితంగా పుచ్చుకుని వెళ్ళింది. ఆ విషయంలో ఉనైసి కొంచెం గొణిగింది గానీ ఇచ్చింది.

ఒకరోజు సువ బస్సులోంచి ఇసిమేలి దిగాడు. ఆకలి మీదున్నాడు. ఉనైసి బల్ల ముందుకొచ్చి, రెండు పొట్లాలు తీసుకుని, అప్పుడు చూశాడు. పొట్లాలు పేర్చిన పలక తన బోర్డే. చేప నూనె అంటి కాస్త నల్లబడింది గానీ, మూలన పువ్వు ఇంకా అందంగానే ఉంది.

"నా బోర్డు నాకిచ్చెయ్యి మరదలు పిల్లా," అన్నాడు. "గోడ బోసిగా ఉంది."

ఉనైసి పొట్లాలు పక్కకి జరిపి, బోర్డు అతని వైపు తిప్పింది.

"వాపసు లేదు బావా," అంది. "నీ చేతిరాతే. చదువుకో."